1.2 మి.మీ. అని రాసిన రిపోర్టు: అసలు పూడిక అవతలి వైపు ఉంది

రోగి వయసు 47. తాడిపత్రి దగ్గర నాపరాళ్ల పాలిష్ యూనిట్ నడుపుతారు. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాం.

అనంతపురంలో మా దగ్గరికి వచ్చింది ఏదో బాధతో కాదు, ఒక కాగితంతో. హెల్త్ ప్యాకేజీలో భాగంగా ఒక స్కాన్ సెంటర్‌లో తీసిన మెడ రక్తనాళాల రిపోర్టు అది. "కుడి కరోటిడ్ ఇంటిమా-మీడియా మందం 1.2 మి.మీ., ఎడమ 0.8 మి.మీ. గోడలు మందంగా ఉన్నాయి. గుండె డాక్టరును సంప్రదించండి." అంతే. వెనక ఒకే ఒక్క బొమ్మ, అది కుడి వైపుది. ఆయనకు ఛాతీనొప్పి లేదు, ఆయాసం లేదు. అన్నకు 51వ ఏట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఆ భయంతోనే ప్యాకేజీకి వెళ్లారు. కాగితం చూసిన బంధువులు బెంగుళూరు పోయి యాంజియోగ్రాం చేయించుకోమన్నారు. టికెట్లు కూడా తీసేశారు.

"గుండె చూడమంటే మెడ చూసినారు సార్. మెడ నరం లావైతే గుండెకేమైతాది?" అని అడిగారు. ఈ కేసు మొత్తానికి ఆ ప్రశ్నే మొదలు.

గుండెకు నెత్తురు తీసుకెళ్లే నాళాలు లోపల, కొట్టుకునే కండరం మీద ఉంటాయి. మామూలు అల్ట్రాసౌండ్‌కు వాటి గోడ అందదు. మెడలోని కరోటిడ్ ధమని చర్మం కింద రెండు, మూడు సెంటీమీటర్ల లోతులోనే, అడ్డంగా ఎముకేమీ లేకుండా దొరుకుతుంది. ఒంట్లో పెద్ద ధమనులన్నిటికీ పట్టే జబ్బు ఒకటే కాబట్టి, చేతికందే ధమనిని చూసి అందని దాని గురించి అంచనా వేస్తాం. ఆ గోడలో లోపలి రెండు పొరలు, ఇంటిమా, మీడియా, స్కాన్‌లో రెండు తెల్ల గీతలుగానూ మధ్య ఒక నల్ల పట్టీగానూ కనిపిస్తాయి. లోపలి గీత అంచు నుంచి బయటి గీత అంచు దాకా కొలిస్తే వచ్చేదే ఈ మందం. ఇటలీకి చెందిన పిన్యోలి బృందం 1986లో ఈ కొలత పద్ధతిని ప్రచురించింది.

ఈ అంకెకూ గుండెపోటుకూ సంబంధం ఉన్న మాట నిజం. పెద్ద అధ్యయనాలన్నీ కలిపి 2007లో చేసిన విశ్లేషణలో, మందం 0.1 మి.మీ. పెరిగిన కొద్దీ గుండెపోటు ముప్పు 10 నుంచి 15 శాతం, పక్షవాతం ముప్పు 13 నుంచి 18 శాతం పెరుగుతున్నట్టు తేలింది. అయితే వయసు, బీపీ, కొలెస్టరాల్, షుగర్, పొగాకు లెక్కలోకి తీసుకున్నాక ఈ అంకె కొత్తగా చెప్పేది చాలా కొంచెం. అందుకే 2010లో దీనికి చోటిచ్చిన అమెరికా గుండె సంఘాల మార్గదర్శకాలు 2013కల్లా మామూలు పరీక్షగా వద్దన్నాయి. ఐరోపా వాళ్లదీ అదే మాట. పూడికను, అంటే ప్లాక్‌ను, వెతకడం మాత్రం ఇప్పటికీ పనికొచ్చే పనే.

ఈ తేడాకు కారణం గోడలోనే ఉంది. స్కాన్‌కు ఇంటిమా వేరు, మీడియా వేరు అని తెలియదు, రెండూ కలిపే చూపిస్తుంది. వయసు పెరిగినా, బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్నా కండరపు పొర అయిన మీడియా మందమవుతుంది. అది ఒత్తిడిని తట్టుకోడానికి గోడ చేసుకునే సర్దుబాటు. కొవ్వు చేరేది ఇంటిమాలో. పైగా కొవ్వు అన్నిచోట్లా సమానంగా చేరదు. మెడలో ధమని రెండుగా చీలే ముందు కొంచెం ఉబ్బుతుంది. దాన్ని బల్బ్ అంటాం. అక్కడ నెత్తురు బయటి గోడ పక్కన నెమ్మదించి సుడి తిరుగుతుంది. పెన్నా నది వంపు తిరిగే చోట లోపలి ఒడ్డున ఇసుక మేట వేసినట్టు, ఆ నెమ్మది చోటే పూడిక మొదలవుతుంది. తిన్నగా పోయే కింది భాగంలో, అంటే మనం మందం కొలిచే చోట, పూడిక అరుదు. కొలిచే చోటు ఒకటి, జబ్బు పుట్టే చోటు ఇంకొకటి. అంకె ఒక్కటి రాసి స్కాన్ ముగిస్తే జరిగే నష్టం ఇక్కడే.

మొదటి పరీక్షల్లో తేలినవి: ఎత్తు 168 సెం.మీ., బరువు 78 కిలోలు, నడుము 98 సెం.మీ. రెండు సార్లు చూసిన బీపీ సగటు 138/86. మొత్తం కొలెస్టరాల్ 220, చెడు కొలెస్టరాల్ ఎల్‌డీఎల్ 142, మంచి కొలెస్టరాల్ హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 210. హెచ్‌బీఏ1సీ 6.1, అంటే షుగర్ గడప మీద ఉంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీ), ఈసీజీ మామూలు. బీడీ, సిగరెట్ లేవు కానీ రోజుకు ఐదారు సార్లు జర్దా కిళ్లీ ఉంది. "పొగ తాగుతారా?" అంటే లేదంటారు. "నోట్లో ఏమైనా వేసుకుంటారా?" అని విడిగా అడిగితే తప్ప ఈ సంగతి బయటికి రాదు.

స్కాన్ మళ్లీ చేశాం. పాత బొమ్మలో మూడు లోపాలు కనిపించాయి కాబట్టి.

మొదటిది, కొలిచిన చోటు. క్యాలిపర్ గుర్తులు, అంటే కొలత మొదలూ చివరా చూపే గుర్తులు, బల్బ్ మీద ఉన్నాయి. బల్బ్‌లో గోడ మామూలుగానే కొంత మందంగా ఉంటుంది, వంపుగా కూడా ఉంటుంది. ప్రామాణిక అంకెలన్నీ బల్బ్‌కు ముందున్న తిన్నటి భాగంలోని చివరి ఒక సెంటీమీటరువి. అక్కడి అంకెలతో బల్బ్ అంకెను పోల్చకూడదు. రెండోది, ఏటవాలు కోత. మునక్కాయను అడ్డంగా కోస్తే తొక్క మందం ఒకలా, ఏటవాలుగా కోస్తే ఇంకోలా కనిపిస్తుంది. ధమనికీ అంతే. ఎదురుగా ఉన్న రెండు గోడల మీదా జంట గీతలు ఒకేసారి స్పష్టంగా వస్తేనే కోత సరిగ్గా నడిమధ్యన పడిందని నమ్మాలి. పాత బొమ్మలో కింది గోడ గీత మసకగా ఉంది, పై గోడకు గీతే లేదు. మూడోది, గెయిన్ (బొమ్మ వెలుగును పెంచే అమరిక) ఎక్కువ. నెత్తురు ఉన్న చోట నల్లగా ఉండాల్సింది బూడిద చల్లినట్టు ఉంది. గెయిన్ పెంచితే గీతలు లావెక్కుతాయి, ఆ లావు కొలతలో కలుస్తుంది.

మేం చేసే తీరు ఇది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, తలగడ తీసేసి భుజాల కింద మడిచిన టవల్ పెడతాం. తల అవతలి వైపుకు సుమారు 45 డిగ్రీలు తిప్పుతాం. అంతకంటే ఎక్కువ తిప్పితే మెడ కండరం బిగుసుకుని ప్రోబ్ (మెడ మీద ఆనించే స్కాన్ పరికరం) ఆనదు. మెడ పొట్టిగా ఉన్నవారికి గడ్డం పైకెత్తించాలి. గొలుసు, తాయెత్తు తీయించవచ్చు. ఆడవాళ్లను తాళి తీయమని అడగక్కర్లేదు, వెనక్కి జరిపి పైన మెత్తని గుడ్డ కప్పితే చాలు. ఈ ఒక్క మాట దగ్గర బిడియపడి స్కానే వద్దని లేచి వెళ్లినవాళ్లున్నారు.

లీనియర్ ప్రోబ్, 7 మెగాహెర్ట్జ్ లేక అంతకంటే ఎక్కువ. లోతు 4 సెం.మీ. దగ్గర పెట్టి, ఫోకస్ కింది గోడ మీద ఉంచుతాం. బొమ్మను నున్నగా చేసే హంగులు గీతలను లావుగా చూపించవచ్చు, అవి ఆపేస్తాం. జెల్ ఎక్కువ, ఒత్తిడి తక్కువ. పైనున్న జుగులర్ సిర నలగకుండా ఉంటే అదే మనకు కిటికీ. మూడు గుండె చప్పుళ్ల పాటు క్లిప్ రికార్డు చేసి, ఈసీజీ తీగ ఉంటే ఆర్ తరంగం (గుండె నొక్కబోయే ముందు లేచే నిటారు గీత) దగ్గర ఫ్రేం ఆపుతాం. తీగ లేకపోతే ధమని అన్నిటికంటే సన్నగా ఉన్న ఫ్రేం తీసుకుంటాం. గుండె నొక్కినప్పుడు ధమని సాగి గోడ పలచనవుతుంది, ఆ క్షణంలో కొలిస్తే తక్కువ వస్తుంది.

కొలవాల్సింది కింది గోడే, అంటే ప్రోబ్‌కు దూరంగా ఉన్నది. శబ్దతరంగం ఒక పొరకు తగిలినప్పుడు దాని ముందు అంచు ఎక్కడుందో నిక్కచ్చిగా తెలుస్తుంది. వెనక అంచు మాత్రం గెయిన్‌ను బట్టి జరుగుతుంది. కింది గోడలో మనకు కావలసిన రెండు సరిహద్దులూ ముందు అంచులే. పై గోడలో వెనక అంచుల మీద ఆధారపడాలి. ఈ సంగతి తెలిసినవాళ్లు పై గోడ అంకె రిపోర్టులో వేయరు.

ఒక్క చోట క్యాలిపర్ పెట్టి 0.8 అని రాయడం కొలత కాదు. చాలా మెషీన్లలో క్యాలిపర్ ఒక్క అడుగు జరిగితే 0.1 మి.మీ. మారుతుంది. ఈ అంకెల్లో అది చాలా పెద్ద తేడా. సెంటీమీటరు పొడవునా అంచును గుర్తించే ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ ఉంటే దాని సగటు తీసుకోవాలి. అదీ గుడ్డిగా కాదు, గీత తప్పుడు పొరను పట్టిందేమో జూమ్ చేసి చూడాలి. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, రెండు వైపులా మూడేసి కోణాల్లో తీసి సగటు వేస్తాం.

ఆయనకు కుడి వైపు 0.61, ఎడమ 0.63 మి.మీ. వచ్చింది. ఆ వయసుకు ఇందులో కంగారు పడేదేం లేదు. 1.2 అన్నది బల్బ్, ఏటవాలు కోత, గెయిన్ మూడూ కలిసి తయారుచేసిన అంకె.

అక్కడితో ఆపి "మీకేం లేదు, ఇంటికెళ్లండి" అని చెప్పి ఉంటే మొదటి సెంటర్ కంటే పెద్ద తప్పు చేసినవాళ్లమయ్యేవాళ్లం. మందం కొలిచాక ప్రోబ్‌ను అడ్డంగా పట్టుకుని, కాలర్ ఎముక పైనుంచి దవడ కింద దాకా నెమ్మదిగా జరుపుతూ వెళ్లాలి. ఒక్కో వైపు కనీసం నిమిషం. ఎడమ వైపు బల్బ్ వెనక గోడ మీద, లోపలి కరోటిడ్ మొదలయ్యే చోట నెత్తురు గుండ్రంగా కాకుండా నెలవంకలా నిండుతోంది. నిలువుగా తిప్పి చూస్తే 2.1 మి.మీ. మందం, 8 మి.మీ. పొడవు పూడిక. పైభాగం నున్నగా ఉంది, పుండు లేదు, సున్నం పేరుకోలేదు.

ఇది ఎందుకు తప్పిపోయింది? ఆ పూడిక దాదాపు నల్లగా ఉంది. కొవ్వు ఎక్కువగా ఉన్న పూడికలు స్కాన్‌లో తెల్లగా మెరవవు, నెత్తురు రంగులో కలిసిపోతాయి. నెత్తురు పారుదలను రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెడితే రంగు నిండని ఖాళీగా తెలుస్తాయి. అయితే కలర్ గెయిన్ కూడా ఎక్కువ పెడితే రంగు గోడ మీదికి పొర్లి ఆ ఖాళీని కప్పేస్తుంది. చుక్కలు చుక్కలుగా రంగు చెదిరే దాకా పెంచి, అక్కడి నుంచి కొంచెం తగ్గించి చూడాలి. మొదటి సెంటర్ ఎడమ వైపు అడ్డంగా చూసిందో లేదో రిపోర్టులో లేదు. బొమ్మ కూడా లేదు.

దేన్ని పూడిక అనాలో నిపుణులు కలిసి రాసుకున్న మన్‌హైమ్ ఒప్పందం చెప్పింది. నాళం లోపలికి కనీసం 0.5 మి.మీ. పొడుచుకు రావాలి, లేదా చుట్టుపక్కల గోడ మందం కంటే 50 శాతం ఎక్కువ ఉండాలి, లేదా మందం 1.5 మి.మీ. దాటాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. ఈయన విషయంలో మూడూ ఉన్నాయి.

దారి ఎంత మూసుకుంది అన్నది వేరే ప్రశ్న, దాన్ని మందంతో తేల్చకూడదు, నెత్తురు వేగంతో తేల్చాలి. డాప్లర్ కోణం 60 డిగ్రీలు దాటకుండా పెట్టి లోపలి కరోటిడ్‌లో గరిష్ఠ వేగం చూశాం: సెకనుకు 76 సెం.మీ. 125 లోపు ఉంటే ఇరుకు 50 శాతం కంటే తక్కువ. కాబట్టి మెడకు ఆపరేషన్, స్టెంట్ మాటే రాదు. ఈ వాక్యం రోగికి ముందుగా చెప్పాలి. "పూడిక" అన్న మాట చెవిన పడగానే ఇంట్లోవాళ్లకు ఆ తర్వాత చెప్పేదేదీ వినపడదు.

టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) చేశాం, మామూలుగా వచ్చింది. ట్రెడ్‌మిల్ మామూలంటే గుండె నాళాల్లో కొవ్వు లేదని కాదు. పరుగులో గుండెకు నెత్తురు కరువయ్యేంత ఇరుకు ఉండే అవకాశం తక్కువ అని మాత్రమే. లక్షణాలు లేవు, టీఎంటీ మామూలు. ఈ స్థితిలో యాంజియోగ్రాం చేసి ఒక మోస్తరు ఇరుకు కనిపెట్టినా చికిత్స మాత్రలే. బెంగుళూరు టికెట్లు రద్దు చేయమన్నాం. గుండె నాళాల్లో పేరుకున్న సున్నాన్ని కొలిచే సీటీ కాల్షియం స్కోర్ కూడా వద్దనుకున్నాం. ముప్పు ఎంతో తేలనప్పుడు అది తేలుస్తుంది. ఇక్కడ పూడిక కంటికి కనిపించింది, ఇంకా తేల్చాల్సిందేముంది?

లైపోప్రోటీన్-ఏ (నెత్తురులో కొలెస్టరాల్‌ను మోసే ఒక రకం రేణువు) పరీక్ష ఒక్కటి అదనంగా రాశాం. డెసిలీటరుకు 62 మి.గ్రా. వచ్చింది, 50 దాటితే ఎక్కువ. ఇది పుట్టుకతో వచ్చేది, తిండితో మారదు, మామూలు కొలెస్టరాల్ మాత్రలతో తగ్గదు. జన్మకు ఒకసారి చూస్తే చాలు. అన్నకు 51లోనే గుండెపోటు ఎందుకొచ్చిందో దీనితో కొంత అర్థమైంది.

కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రోసువాస్టాటిన్ 20 మి.గ్రా. రాత్రికి ఒకటి, ఎల్‌డీఎల్ 70 లోపుకు తేవాలన్నది లక్ష్యం. ఆస్పిరిన్ ఇవ్వలేదు. గుండెపోటు, పక్షవాతం రాని మనిషికి, ఇరుకు లేని పూడికకు ఆస్పిరిన్ వల్ల వచ్చే లాభం కంటే కడుపులో రక్తస్రావం భయమే బరువని మా అభిప్రాయం. బీపీకి మాత్ర మొదలుపెట్టకుండా ఇంట్లో వారం రోజులు ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు చూసి రాసుకోమన్నాం. సగటు 128/80 వచ్చింది, మాత్ర అక్కర్లేకపోయింది.

తిండి దగ్గర ఇంట్లోవాళ్లు చేసిన మొదటి పని చెనక్కాయలు మానిపించడం. అది తిరగబడిన పథ్యం. చెనక్కాయల్లో ఉండే కొవ్వు ఎక్కువ భాగం మంచి రకం. గుప్పెడు ఉడకబెట్టినవో వేయించినవో ఉప్పు లేకుండా తినొచ్చన్నాం. తగ్గించాల్సింది యూనిట్ దగ్గర రోజూ పొద్దున వచ్చే ఉగ్గాని పక్కన బజ్జీలు, అవి కాగిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేగుతాయి. రెండు పూటలా గంపెడు అన్నం, ఊరగాయ ఉప్పు కూడా. ఒక పూట అన్నం బదులు రాగి ముద్ద, అదీ ఒక్కటే, పక్కన ఆకుకూర పప్పు. ముద్ద మంచిదని మూడు తింటే ట్రైగ్లిజరైడ్లు తగ్గవు. జర్దా మొత్తంగా బంద్.

ఆరో వారం ఎల్‌డీఎల్ 128. మాత్ర వేసుకున్న మనిషికి రావాల్సిన అంకె కాదిది. ఆ మాత్రకు సగానికి సగం తగ్గాలి. అడిగితే మూడు వారాలకే ఆపేశానన్నారు. "పిక్కలు పీకుతాండాయి సార్, ఆ మాత్రతోనే అని చెప్పినారు." ఇక్కడ రెండు దిక్కులా ఆలోచించాలి. మెడలో పూడిక ఉన్న మనిషికి పిక్క నొప్పి అంటే ముందు కాలి ధమనులు చూడాలి. పాదాల నాడి రెండు వైపులా బాగా అందింది, చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 1.05, అంటే మామూలు. నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి కూడా కాదు. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే కూడా మామూలు. మాత్ర ఆపి మూడు వారాలైనా నొప్పి అట్లాగే ఉంది. మాత్ర వల్లనైతే ఆపాక తగ్గుముఖం పట్టాలి. తడి నేల మీద గంబూట్లతో గంటలు గంటలు నిలబడటమే కారణమని తేల్చి, కుర్చీ, మెత్తని అడుగున్న బూట్లు చెప్పాం.

అయినా 20 మళ్లీ ఇవ్వలేదు. ఒకసారి అనుమానం పడ్డ మాత్రను అదే మోతాదులో ఇస్తే ఆయన మళ్లీ ఆపేస్తారు. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతమే. ఇంకో రకం కొలెస్టరాల్ మందు ఎజెటిమైబ్ 10 మి.గ్రా. కలిపితే 20 శాతం దాకా తగ్గుతుంది. రోసువాస్టాటిన్ 10, ఎజెటిమైబ్ 10 కలిసిన ఒకే మాత్ర రాశాం. ఎనిమిది వారాలకు ఎల్‌డీఎల్ 63, ట్రైగ్లిజరైడ్లు 150, లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ మామూలు.

ఆరు నెలలప్పుడు ఆయన అడిగిన మాట: "మెడ మళ్లీ ఒకసారి చూడండి సార్, ఎంత తగ్గిందో." చూడలేదు. గోడ మందం సగటున ఏడాదికి మి.మీ.లో వందో వంతు చొప్పున మారుతుంది. ఒకే మనిషిని ఒకే రోజు ఇద్దరు కొలిస్తే వచ్చే తేడాయే అంతకు ఎన్నో రెట్లు. ఆరు నెలల్లో 0.63 కాస్తా 0.58 అయితే అది మందు పని కాదు, 0.68 అయితే జబ్బు పెరిగినట్టూ కాదు. ఆ అంకె చూసి ఒకరు మాత్ర మానేస్తారు, ఇంకొకరు నిద్ర మానేస్తారు. చికిత్స పనిచేస్తోందో లేదో చెప్పేది ఎల్‌డీఎల్, బీపీ, జర్దా డబ్బా. పూడిక ఉన్న ఎడమ వైపు మాత్రం రెండేళ్ల తర్వాత వేగం, ఇరుకు చూడటానికి ఒకసారి డాప్లర్ చేస్తాం. ఈలోగా ఒక కంటికి తెర పడినట్టు చూపు పోయినా, మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా, ఐదు నిమిషాల్లో సర్దుకున్నా సరే వెంటనే రావాలని భార్యకు విడిగా చెప్పాం.

ఈ కేసు తర్వాత మేం రాసే మెడ స్కాన్ రిపోర్టులో పూడిక ఉందా లేదా అన్నది మొదటి వరుసలోకి వచ్చింది. ఉంటే ఏ వైపు, ఏ గోడ, ఎంత మందం, నలుపా తెలుపా, వేగం ఎంత. మందం ఆ తర్వాత, అదీ కొలిచిన చోటు, గోడ, ఎన్ని కోణాల సగటు అనేది పక్కనే రాసి. బొమ్మలు రెండు వైపులవీ, నిలువుగా, అడ్డంగా.

పోయిన నెల తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చారు, 43 ఏళ్లు. "వీడికీ మెడ స్కాన్ రాయండి సార్." రాయలేదు. లిపిడ్లు, లైపోప్రోటీన్-ఏ, షుగర్, వారం రోజుల ఇంటి బీపీ చాలన్నాం. లైపోప్రోటీన్-ఏ 71, ఎల్‌డీఎల్ 155 వచ్చాయి. రోజుకు పది బీడీలు. ఆయనకు మాత్ర మొదలుపెట్టడానికి మెడలో పూడిక ఉందా అని చూడాల్సిన పని లేకపోయింది.